మూడున్నర మంది

నా గొంతులో ఒక మాట ఇరుక్కుని ఉంది. చేపముల్లు లాంటిది. మింగితే దిగదు, దగ్గితే రాదు. అన్నం తింటాను, పాఠం చెబుతాను, నవ్వుతాను కూడా, అది మాత్రం అక్కడే ఉంటుంది. సునామీ వచ్చిన మరుసటి ఏడాది నుంచీ ఉంది. మా ఆవిడకు తెలియదు. స్టాఫ్‌రూమ్‌లో పక్క కుర్చీలో ఇన్నేళ్ళుగా కూర్చున్న వాళ్ళకూ తెలియదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు కాబట్టి. రేపు అబర్డీన్ బజార్లో ఎదురైనా మీరు నన్ను గుర్తుపట్టరు. పిరికివాడికి ఇంతకంటే ఏం కావాలి?

నేను పోర్ట్ బ్లెయిర్‌లో లెక్కల మాస్టార్ని. బాగా చెబుతానని పేరు కూడా ఉంది. ఆ పేరు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పాఠం అవగానే "డౌట్సా? లేవు కదా!" అని నేనే అడిగి నేనే జవాబు చెప్పుకుంటానని పిల్లలు వెనకాల నన్ను అనుకరిస్తారు. వాళ్ళకది తమాషా. ఆ అలవాటు ఎక్కడ పుట్టిందో వాళ్ళకు తెలియదు.

చెబుతాను. ఆగండి. వరసలో చెప్పాలి, లేకపోతే నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

ఆ ఏడాది భూమి ఊరికే ఉండేది కాదు. నెలకో రెండు నెలలకో బెంచీలు గడగడలాడేవి. పిల్లలందరూ బయటికి పరిగెత్తి మైదానంలో క్లాసుల వారీగా వరసలో నిలబడాలి, అదీ మా కొత్త పద్ధతి. అప్పుడు నాది ఇంకా టెంపరరీ పోస్టు. ఒక రోజు అలా నిలబడి తిరిగొచ్చాక, పదకొండో తరగతి పిల్లలు బెదిరిపోయి ఉంటే, ఆ వరసతోనే పాఠం చెప్పేద్దామనుకున్నాను. తెలివైనవాణ్ణి కదా!

పాఠం ఫాక్టోరియల్. పేరు చూసి భయపడకండి. ముగ్గురు మనుషులు ఒక వరసలో ఎన్ని రకాలుగా నిలబడగలరు? ఆరు రకాలుగా. అది మూడు ఫాక్టోరియల్. నాలుగోవాడు వచ్చాడా, ఆరుని నాలుగుతో గుణించండి, ఇరవై నాలుగు. అయిదోవాడు వస్తే దాన్ని అయిదుతో. అంతే సంగతి. ఇంత సులువైన పాఠాన్ని ఇంకా సులువు చేద్దామని, మీ మీ ఇళ్ళలో భోజనానికి ఎంతమంది కూర్చుంటారో చెప్పండి, లెక్క కడదాం అన్నాను.

చూశారా? ఆ ఏడాది, ఆ ఊళ్ళో, పిల్లల్ని అడిగే ప్రశ్నేనా అది? క్లాసులో ఎంతమంది ఇళ్ళలో మనుషులు తగ్గారో నాకు తెలియదా? తెలుసు. తెలిసీ నోటికి అడ్డు లేకపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని మా నానమ్మ ఊరికే అనేది కాదు.

ఒకడు అయిదన్నాడు, ఒకతె ఆరంది. తర్వాత రూతు లేచింది. మాట తక్కువ పిల్ల. వాళ్ళది మన కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబం. తండ్రి జకరయ్య తాపీమేస్త్రీ, ఇంకో ద్వీపంలో, హట్ బేలో, జెట్టీ పనికి వెళ్ళాడు. క్రిస్మస్‌కి ఇంటికి వద్దామంటే ఓడలో టికెట్టు దొరకలేదు. పండగ మర్నాడు, ఆదివారం పొద్దున నీళ్ళొచ్చాయి. మనిషి దొరకలేదు, శవమూ దొరకలేదు. తల్లి సుశీలమ్మ గారు పిల్లలిద్దర్నీ తీసుకుని మిడిల్ పాయింట్‌లో తమ్ముడింట్లో ఓ గదిలో ఉండేది. సాయంత్రం ప్రార్థన అయ్యాక నాలుగు పళ్ళేలు పెట్టేది. నాలుగో పళ్ళెం అలాగే తీసి కడిగేది. ఇదంతా వాళ్ళ వీధిలో అందరికీ తెలుసు, నేనూ ఆ వీధివాణ్ణే.

"మీ ఇంట్లో ఎంతమందమ్మా?"

"మూడున్నర, సర్."

"అరా! ఏ అర? నడుం పైదా, కిందదా?"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. పక్కన కూర్చునే పిల్ల మాత్రం నవ్వకుండా రూతు చెయ్యి పట్టుకుంది. అది చూశాక గాని నాకు బుర్రలో వెలగలేదు. అయ్యో అనుకున్నాను. అనుకున్నానుగాని, అనలేదు. "డౌట్సా? లేవు కదా!" అని బోర్డు తుడిచేశాను. అదే మొదటిసారి ఆ మాట అనడం.

మర్నాడు రూతు వరండాలో నన్ను ఆపింది. ఏడుస్తుందేమో, వాళ్ళమ్మకు చెప్పానంటుందేమో అని భయపడ్డాను. కోపమే లేదు ఆ పిల్లకి. లెక్క చెప్పడానికి వచ్చింది! నాన్న ఉన్నాడో లేడో తెలియదు కాబట్టి ఒకటి అని రాయలేనంది. సున్నా అని రాస్తే అమ్మ ఏడుస్తుందంది. అందుకని సగం అనుకున్నాను సర్, అప్పుడు జవాబు ఆరుకీ ఇరవై నాలుక్కీ మధ్య ఎక్కడో ఉండాలి కదా అంది. ముగ్గురి నుంచి నలుగురికి వెళ్ళడం నాలుగుతో గుణించడమైతే, సగం దూరం వెళ్ళడం రెండుతో గుణించడం. ఎందుకంటే రెండుసార్లు రెండుతో గుణిస్తేనే కదా నాలుగు. ఆరు రెళ్ళు పన్నెండు. కాని రెండో సగం మొదటి సగం కంటే ఎప్పుడూ కాస్త పెద్దడుగు, కాబట్టి పన్నెండుకి కొంచెం తక్కువే. అక్కణ్ణించి మూడున్నరతో, రెండున్నరతో, ఒకటిన్నరతో భాగిస్తూ మెట్లు దిగితే ఉత్త అర దగ్గరికి వచ్చేస్తాం సర్, అక్కడ ఒకటి రాదు, ఒకటి కంటే తక్కువ వస్తుంది అంది.

సున్నా ఫాక్టోరియల్ ఒకటి, ఒకటి ఫాక్టోరియల్ కూడా ఒకటే, మధ్యలో అరకి ఏముంటుంది, అదీ ఒకటే అని ఏదో గొణిగాను. అలాగైతే పైన మూడున్నర దగ్గర పదమూడు దాటిపోతుంది సర్, పన్నెండుకి తక్కువ ఉండాలి కదా అంది. నిజమే. నాకు తట్టలేదు. పూర్ణ సంఖ్యలకే ఫాక్టోరియల్, పుస్తకంలో ఉన్నది చదువు, ఉల్టా ఆలోచనలు మాను అని విసుక్కుని వెళ్ళిపోయాను.

ఇక్కడ ఆగితే నేను తెలియని మాస్టార్ని మాత్రమే. తెలియకపోవడం పాపం కాదు. ఇక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది!

ఆగలేదు. ఆ సాయంత్రమే మిడిల్ పాయింట్‌లో ఎస్టీడీ బూత్‌కి వెళ్ళాను. నేను వైజాగ్‌లో ఎమ్మెస్సీలో చేరి మొదటి ఏడాదిలోనే వదిలేసినవాణ్ణి. మా అన్న కాంట్రాక్టుల్లో పడితే, బజార్లో మా షాపు చూసుకోవడానికి నాన్న నన్ను వెనక్కి రప్పించాడు. అప్పటి నా లెక్చరర్ నంబరు ఇంకా నోటికి ఉంది. అడిగాను. ఆయన నవ్వాడు. "ఎందుకు లేదోయ్? గామా ఫంక్షన్ అంటారు. నువ్వు ఉండి ఉంటే రెండో ఏడాదిలో చెప్పేవాణ్ణి. అర ఫాక్టోరియల్ అంటే పై, అదే వృత్తాల లెక్కల్లో వచ్చే మూడు పాయింట్ ఒకటి నాలుగు, దాని వర్గమూలంలో సగం. పాయింట్ ఎనిమిది ఎనిమిది ఆరు. ఎవరడిగారు?"

"ఎవరూ లేరు సర్. నాకే ఊరికే డౌట్ వచ్చింది."

ఆ పిల్ల పేరు చెప్పడానికి కూడా నాకు మనసు రాలేదు. ఎనిమిది ఎనిమిది ఆరు. ఒకటి కంటే తక్కువ. ఆ పిల్ల చెప్పినట్టే. వృత్తం లేదు, చక్రం లేదు, మనుషుల్ని వరసలో నిలబెట్టే లెక్కలోకి పై ఎక్కణ్ణించి వచ్చింది? బూత్ బయట వానలో నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత లెక్కలంటే సంతోషం కలిగింది. రేపు పొద్దున క్లాసులో చెప్పేస్తాను, అందరి ముందూ చెబుతాను, రూతుదే రైటు అంటాను అనుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మర్నాడు క్లాసులోకి వెళ్ళాక, రూతు మీద క్లాసంతా నవ్విన ఆ నవ్వు గుర్తొచ్చింది. ఇవాళ వద్దు, రేపు అనుకున్నాను. ఆ రేపు ఇంతవరకు రాలేదు.

అప్పుడే ఇంకో సంగతి నడుస్తోంది. సునామీలో దెబ్బతిన్న ఇళ్ళ పిల్లలకు మెయిన్‌లాండ్‌లో ఒక హాస్టలు స్కూలు వాళ్ళు చదువూ తిండీ ఉచితమన్నారు. మా స్కూలుకి ఒక సీటు. మార్కుల్ని బట్టి రూతుకే వచ్చింది. ఓడ కూడా ఖాయమైంది. వెళ్ళేముందు పిల్ల మనసు కుదురుగా ఉందో లేదో చూడటానికి, ఆ రోజుల్లో స్కూళ్ళకు తిరుగుతున్న కౌన్సెలర్ మేడమ్ ఒకావిడ మాట్లాడింది. మంచావిడే. హిందీ ఆవిడ. రూతు ఆవిడకి మూడున్నర లెక్క చెప్పిందట. సగం అడుగు సరిగ్గా మూడయ్యే తొమ్మిది మంది దాకా, నాలుగయ్యే పదహారు మంది దాకా పైకెక్కి దిగొచ్చానని, అర దగ్గర పాయింట్ ఎనిమిది తొమ్మిదిలోకి వచ్చానని చెప్పిందట. పదహారు మంది దాకా! చేత్తో గుణించుకుంటూ! మేడమ్‌కి ఇందులో ఒక్క ముక్కా అర్థం కాలేదు. తండ్రి పోయాడని ఒప్పుకోలేక పిల్ల అతన్ని సగం చేసి బతికించుకుంటోందేమోనని అనుమానపడింది. సరిగ్గా అడగాల్సిన మనిషి దగ్గరికే వచ్చి అడిగింది. స్టాఫ్‌రూమ్‌లో. హెడ్మాస్టరు గారు పక్కనే టీ తాగుతున్నారు.

"సర్, ఆప్ తో మ్యాథ్స్ కే హై. ఆధే కా ఫాక్టోరియల్ హోతా హై క్యా?"

సగానికి ఫాక్టోరియల్ ఉంటుందా అని. అంతే.

"నహీ హోతా, మేడమ్."

"పక్కా?"

"పక్కా."

ఇదే ఆ ముల్లు. లేదు. ఉండదు. ఖాయం. పావు నిమిషం పట్టలేదు.

ఎందుకన్నాను? ఇన్నేళ్ళలో నేను నాకు చెప్పుకున్న కారణాలు చాలా ఉన్నాయి. హెడ్మాస్టరు ముందు మొన్న నేను నవ్వింది తప్పని ఎలా ఒప్పుకుంటాను, టెంపరరీ పోస్టు కదా. సరే. క్లాసులో పరువు పోతుంది. సరే. మేడమ్ పెద్ద చదువులు చదివింది, ఆవిడ చూసుకుంటుందిలే. సరే, సరే. ఇవన్నీ పైపై మాటలు, నాకు తెలుసు. అసలు మాట ఇది: ఆ పిల్ల ఓడెక్కుతుంది, నేను జెట్టీ మీద ఉండిపోతాను. నన్ను వెనక్కి తెచ్చిన ఓడే అది. దాన్ని చూస్తే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. చుట్టూ నీళ్ళు, మధ్యలో షాపు, స్కూలు, మళ్ళీ షాపు. రెండో ఏడాదిలో నాకు చెప్పాల్సిన పాఠాన్ని పదకొండో తరగతి పిల్ల తనంతట తను కనుక్కుంది. నేను ఓర్వలేకపోయాను. ఛీ! పదహారేళ్ళ పిల్ల మీద, తండ్రి లేని పిల్ల మీద అసూయ. రాశాను చూడండి, ఇప్పుడైనా.

ఇంకొకటి ఉంది. అది కూడా దాచను. సుశీలమ్మ గారు తనే మా ఇంటికి వచ్చింది. పిల్లని ఇప్పుడు తల్లికి దూరం చెయ్యొద్దని మేడమ్ చెప్పిందట. "మాస్టారూ, మీరేమంటే అదే. మా రూతుకి నిజంగా బుర్ర చెదిరిందంటారా?" అని అడిగింది. గుమ్మంలోనే నిలబడి అడిగింది, లోపలికి రమ్మన్నా రాలేదు. నాకు దేవుడిచ్చిన రెండో అవకాశం అది. "కొన్నాళ్ళు లెక్కలు మాన్పించండమ్మా, అదే సర్దుకుంటుంది" అన్నాను. ఆవిడ చేతులెత్తి దండం పెట్టి వెళ్ళింది.

సీటు ఇంకో కుర్రాడికి వెళ్ళింది. వాడిప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు, టీచర్స్ డేకి మెసేజ్ పెడతాడు. రూతు లెక్కలు వదిలేసి ఆర్ట్స్‌లోకి మారింది. వాళ్ళింట్లో నాలుగో పళ్ళెం పెట్టడం మానేశారు. నాకు పోస్టు పర్మనెంటయింది.

ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఫాక్టోరియల్ పాఠం వస్తుంది. తప్పించుకోవడానికి లేదు, సిలబస్‌లో ఉంది. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు, ఆ పాఠం రోజున నేను గబగబా చెప్పేసి, చెయ్యెత్తేవాళ్ళ వైపు చూడకుండా బోర్డు వైపు తిరిగిపోతాను. పిల్లలు మారతారు, గది మారదు, నేను మారను. బదిలీ పెట్టుకుందామంటే ఎక్కడికి? ఇంకో ద్వీపానికి. అక్కడా అదే పుస్తకం.

రూతు ఎక్కడికీ పోలేదు. పోనిచ్చానా? అబర్డీన్ బజార్లో వాళ్ళకి మ్యాచింగ్ సెంటర్ ఉంది. లైనింగులు, ఫాల్స్, లేసులు, గుండీలు. భర్త ఫెర్రీలో పని చేస్తాడు. నేను ఆ వీధి తప్పించి చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి. ఒకసారి మా ఆవిడ పక్కన ఉండటంతో తప్పక వెళ్ళాల్సి వచ్చింది. రూతు మమ్మల్ని కూర్చోబెట్టి మా ఆవిడతో అంది కదా, "దీదీ, సర్ లేకపోతే నేనేమైపోయేదాన్నో. ఆ టైమ్‌లో నా దిమాగ్ ఠీక్ లేదు. సర్ చెప్పబట్టే అమ్మ నన్ను పంపలేదు" అంది. మనస్ఫూర్తిగా అంది. మా ఆవిడ నా వైపు గర్వంగా చూసింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

అయినా చెప్పలేదు. మరిప్పుడెందుకంటారా? రూతు కూతురు.

ఏడో తరగతి. బడి అయ్యాక షాపులోనే కూర్చుంటుంది. మొన్న వానాకాలంలో మా ఆవిడ పంపితే జిప్పు కోసం అక్కడ ఆగాను. ఆ పిల్ల నన్ను చూసి అడిగింది, మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది, ఎవరు చెప్పారు, కాకపోతే ఏమవుతుంది అని. కళ్ళు తళతళలాడుతున్నాయి. నేను నోరు తెరిచేలోపు రూతు పిల్ల వీపు మీద ఒక్కటి వేసింది. "ఉల్టా ప్రశ్నలు అడక్కే అని ఎన్నిసార్లు చెప్పాలి? బుక్‌లో ఉన్నది రాయి. నాలాగా అయిపోతావ్!" అంది. కోపంతో కాదు, భయంతో. నిజమైన భయం. పిల్ల తల వంచుకుని పుస్తకం తెరిచింది. దెబ్బ పిల్ల వీపు మీద పడ్డా, కొట్టింది నేనే కదా? ఇరవై ఏళ్ళ కింద నేనన్న మాట ఇంకా ఆ కౌంటర్ వెనకాల తిరుగుతూనే ఉంది.

వారం రోజులు నాలో నేనే తన్నుకుని, చివరికి వెళ్ళాను. మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేని వేళ.

"రూతూ, అర ఫాక్టోరియల్ ఉందమ్మా."

ఆమె చేతిలో లేసు చుట్ట అలాగే ఉండిపోయింది. "ఉందా? ఎంత సర్?"

"పాయింట్ ఎనిమిది ఎనిమిది ఆరు."

"నేను ఎనిమిది తొమ్మిది దాకా వచ్చాను సర్!" అని అరిచినంత పని చేసింది. మర్చిపోలేదు. ఇన్నేళ్ళూ మర్చిపోలేదు. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. "అంటే నేను పాగల్‌ని కాదన్నమాట. కాదు కదా సర్?" అంది. కాదమ్మా, అప్పుడూ కాదు, ఎప్పుడూ కాదు అన్నాను. ఆమె మళ్ళీ లేసు చుట్టడం మొదలుపెట్టింది. చుడుతూనే అడిగింది.

"మీకెప్పుడు తెలిసింది సర్?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. నిజమైన జవాబే ఇంటి దగ్గర్నుంచి వల్లె వేసుకుని వచ్చాను. నోరు తెరిచాను.

"ఈమధ్యే."

వినండి. నేను అదే అన్నాను. ఈమధ్యే అన్నాను.

"పోన్లెండి సర్," అంది రూతు. "అప్పుడు మీకు మాలూమ్ లేదు కదా. మీరేం చేస్తారు?" పక్క హోటల్‌కి కేకేసి నాకు టీ తెప్పించింది. నేను తాగాను. క్షమించేసింది నన్ను, చెయ్యని తప్పుకి. చేసిన తప్పు నా దగ్గరే ఉండిపోయింది. వెళ్ళేటప్పుడు ఒక ముల్లు, వచ్చేటప్పుడు రెండు.

ఇదంతా తెలుగులో ఎందుకు రాస్తున్నానా అని ఇక్కడిదాకా వచ్చాక నాకే అనుమానం వచ్చింది. మేం రోజంతా మాట్లాడేది సగం హిందీయే, హిందీలో రాయొచ్చు, ఇంగ్లీషులో రాయొచ్చు. తెలుగు ఎందుకు? ఎందుకంటే రూతుకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఇక్కడ పుట్టిన పిల్లలు చాలామంది అంతే. ఒప్పుకుంటూ కూడా ఆమెకి అందని చోట ఒప్పుకుంటున్నాను. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెబుతున్నానని మొదట్లో అన్నాను చూడండి, అది కూడా ఇందుకే. నా పిరికితనానికి ఎన్ని తలుపులో!

కాని సుశీలమ్మ గారికి తెలుగు చదవడం వచ్చు. ప్రతి సాయంత్రం రూతుతో సహా ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి తెలుగు బైబిలు పైకి చదివి వినిపించేది ఆవిడే. ఇప్పటికీ వీధిలోకి వినిపిస్తుంది ఆ గొంతు. ఈ కాగితాలు రేపు ఆవిడ చేతిలో పెడతాను. ప్రార్థన అయ్యాక అందరి ముందూ చదవమంటాను, మనవరాలి ముందు కూడా. ఏమంటారో, నా మొహం చూస్తారో లేదో తెలియదు. క్షమించమని అడగను. ఒకసారి అబద్ధం చెప్పి ఆ క్షమాపణ తీసుకుని టీ తాగి వచ్చినవాణ్ణి, మళ్ళీ ఏ మొహంతో అడుగుతాను?

సుశీలమ్మ గారూ, ఇక్కణ్ణించి కాస్త గట్టిగా చదవండి.

రూతూ, మేడమ్ నన్ను అడిగిన రోజున నాకు తెలుసు. మీ అమ్మ మా గుమ్మంలో నిలబడి అడిగిన రోజున నాకు తెలుసు. ఈమధ్య కాదమ్మా. అప్పుడే తెలుసు.